మా పిన్నికి పది చేతులు

హాలు ఊడ్పించాలి. బూజు దులిపించాలి. కుర్చీలు తుడిపించాలి. మైకు టెస్టు చేయించాలి. గోల్‌బజార్ నుంచి పూలదండలు, శాలువాలు, మెమెంటోలు తెప్పించాలి. అటక మీది ఇత్తడి గుండిగ దింపించి, చింతపండు పెట్టి తోమించి, అందులో పులిహోర కలిపించాలి. గుమ్మంలో ముగ్గు వేయించాలి. ముఖ్య అతిథికి కొబ్బరి నీళ్ళు, మిగతావాళ్ళకి మామూలు నీళ్ళు ఇప్పించాలి. మహిళామూర్తి చేత దీపం వెలిగింపజేయాలి. వెలిగించాక ఆవిడ చేతే పులిహోర వడ్డింపజేయాలి. గిన్నెలు కడిగించాలి.

ఖరగ్‌పూర్‌లో, పూరీ గేట్ దగ్గరున్న మా తెలుగు సంఘం వారు ఈ ఏడాది మహిళా దినోత్సవానికి నిర్ణయించిన పనులివి. చెప్పింది కమిటీ. రాసింది నేను. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని కాబట్టి, సంఘంలో ఏ కాగితం ముక్క రాయాలన్నా నన్నే పిలుస్తారు. చదువుకున్నాక ఆ మాత్రం పనికి రావాలి కదా!

ఇవన్నీ ఎవరు చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. నేనే అడిగాను. సంఘం అధ్యక్షులు కామేశం గారు, రైల్వే ఆఫీసులో హెడ్‌క్లర్కుగా రిటైరైన పెద్దమనిషి, చిరునవ్వు నవ్వారు.

"ఎవరో ఒకరు చేస్తారమ్మా. నువ్వు రాసుకో."

ఆ ఎవరో ఒకరు మా పిన్ని.

ఆమె సంగతి మళ్ళీ చెప్తాను. ముందు నా వాదన వినండి. కొందరికి కోపం రావచ్చు. వచ్చినా సరే, చెప్పి తీరతాను. ఆడమనిషిని బొమ్మలో ఉన్నదున్నట్టుగా చూపించకూడదు! చూపిస్తే ఆమెకే నష్టం. సినిమాలవాళ్ళు, సీరియళ్ళవాళ్ళు, ప్రకటనలవాళ్ళు, ఫ్లెక్సులవాళ్ళు, అందరూ కలిసి ఆడజాతికి ఎంత మేలు చేస్తున్నారో మనం గుర్తించడం లేదు. గుర్తించకపోగా, అప్పుడప్పుడూ విమర్శిస్తున్నాం కూడా!

సీరియల్ కోడలినే తీసుకోండి. పట్టుచీర కట్టుకుని, నగలన్నీ పెట్టుకుని, తలలో పూలు ముడుచుకుని పడుకుంటుంది. తెల్లారి లేస్తే పూలు నలగవు. చీర నలగదు. బొట్టు దిండుకి అంటదు. దీనివల్ల దిండు గలీబులు ఉతికే పని ఎంత తగ్గిందో ఎవరైనా ఆలోచించారా? ఇక ఏడుపు. రాత్రి తొమ్మిదింటి దాకా ఏడుస్తుంది, ఒక్కసారైనా ముక్కు చీదదు. మా వీధిలో ఏడ్చే ఆడవాళ్ళని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఒక్కరికీ ఆ విద్య పట్టుబడలేదు.

బట్టల సబ్బు ప్రకటన చూశారా? కుర్రాడు బురదలో దొర్లి వస్తాడు. తల్లి వాణ్ణి చూసి ముత్యాల్లాంటి పళ్ళతో నవ్వుతుంది. మా తమ్ముడు అలా వస్తే మా అమ్మ నవ్వేది కాదు. ఏం చేసేదో ఇక్కడ రాయడం మర్యాదగా ఉండదు. అది అమ్మ లోపం. పాపం, అప్పట్లో మా ఇంట్లో టీవీ లేదు. నేర్పించేవాళ్ళు లేరు.

సిమెంటు ప్రకటనలో ఒక అమ్మాయి పల్చటి చీరలో, గాలికి జుట్టు ఎగురుతుండగా, బస్తా మీద చెయ్యి వేసి నిలబడుతుంది. సిమెంటుకీ ఆ అమ్మాయికీ ఏమిటి సంబంధం అని అడిగేవాళ్ళున్నారు. నిజంగా సిమెంటుతో సంబంధం ఉన్న ఆడవాళ్ళు గోల్‌బజార్ వెనక సందుల్లో బస్తాలు మోస్తూ ఉంటారు. వాళ్ళని ప్రకటనలో పెడితే సిమెంటు బరువుగా ఉంటుందని జనానికి తెలిసిపోదూ? వ్యాపారం ఏం కావాలి?

సినిమా కెమెరాని కూడా ఊరికే ఆడిపోసుకుంటారు. అది హీరోయిన్ పాదం దగ్గర బయల్దేరి ప్యాసింజరు బండిలా ప్రతి స్టేషన్లో ఆగుతూ, నడుము జంక్షన్‌లో నీళ్ళు పట్టుకుని, మొహం చేరేసరికి ఇంటర్వెల్ అవుతుంది. మంచిదే కదా! అప్పటికి సగం సినిమా అయిపోతుంది కాబట్టి ఆ పిల్ల మాట్లాడవలసిన అవసరం ఉండదు. డైలాగులు బట్టీ పట్టే శ్రమ తప్పింది.

మా సంఘం హాల్లో ఒక తైలవర్ణ చిత్రం ఉంది. నడుం మీద కడవ పెట్టుకుని వెళ్తున్న పల్లెపడుచు. నేను లంగా కట్టుకునే రోజుల నుంచీ ఆ పిల్ల ఆ కడవ మోస్తూనే ఉంది. ఇప్పటికీ ఇల్లు చేరలేదు. కడవ దించి, కాళ్ళు చాపుకుని కూర్చున్న బొమ్మ ఎవరూ ఎందుకు వేయలేదని చిన్నప్పుడు అడిగాను. కామేశం గారు అప్పుడు సెక్రటరీ. "దించేస్తే ఇంకేముందమ్మా అందులో కళ?" అన్నారు. నిజమే. నాకు అప్పటికి చదువు లేదు.

ఇప్పుడు పిన్ని దగ్గరికి వద్దాం.

మా పిన్ని ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా తాతయ్య డ్యూటీలో ఉండగా పోతే ఆ ఉద్యోగం ఆమెకి వచ్చింది. హెల్పరుగా చేరి, పని నేర్చుకుని, టెస్టులు రాసి ఫిట్టరయ్యింది. ఇంకో గ్రేడు పైకి వెళ్ళడానికి ఈ నెలాఖరున ట్రేడ్ టెస్టు. ఒక ఇనప ముక్క ఇచ్చి, ఆకురాయితో అరగదీసి చెప్పిన కొలతకి తెమ్మంటారు. వస్తే ప్రమోషను. వాళ్ళ షాపు నుంచి ఆ టెస్టుకి పేరిచ్చిన ఆడమనిషి ఈమె ఒక్కతే. చలికాలం నుంచీ డ్యూటీ దిగాక కూడా అక్కడే ఉండి పాత ముక్కల మీద అలవాటు చేసుకుంటోంది.

అయితే గుండిగ దింపాలి కదా! సంఘం నిచ్చెన కోసం వెతికారు. కనపడలేదు. కనపడలేదని కమిటీవాళ్ళు ఇళ్ళకి వెళ్ళిపోయారు. పిన్ని కుర్చీ మీద స్టూలు వేసుకుని ఎక్కింది. గుండిగ క్షేమంగా దిగింది. పిన్నే కొంచెం తేడాగా దిగింది, కుడి మణికట్టు మీద.

సాయంత్రానికి చెయ్యి బూరెలా పొంగింది. రైల్వే ఆస్పత్రిలో ఉన్నాయన కట్టు చుట్టి, "ఎముకల డాక్టరు ఎనిమిదో తారీకు ఉదయం వస్తారు, పన్నెండు దాకా ఉంటారు, తప్పకుండా చూపించుకో, అంతవరకూ ఈ చెయ్యి కదపొద్దు" అని చెప్పి పంపాడు. ఆడమనిషికి చెప్పవలసిన మాటేనా అది? పైగా ఎనిమిదో తారీకు ఉదయమే మన సభ!

"దానికేటి? దీపం ముట్టించేసి ఎలిపోతాను. డాక్టరు పారిపోతాడేటి?" అంది పిన్ని.

ఎందుకంటే సంఘం సన్మానించే ఈ ఏటి మహిళామూర్తి ఆమే. "వర్క్‌షాపులో మగవాళ్ళతో సమానంగా సుత్తి పట్టే మన ఆడపడుచు! మన అందరికీ గర్వకారణం!" అని కామేశం గారు ప్రతిపాదించారు. అందరూ బల్లలు చరిచారు. పిన్ని ఒక్కటే కోరింది. వర్క్‌షాపులో తీసిన ఫోటో ఒకటి ఉంది ఆమె దగ్గర. నీలం డ్రస్సు, తలకి హెల్మెట్, చేతిలో ఆకురాయి, వెనక వ్యాగను. ఫ్లెక్సు మీద అది వేయమంది.

కామేశం గారు ఆ ఫోటోని దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు.

"బాగానే ఉంది కానీ అమ్మా, ఇందులో నువ్వు మరీ... పని చేస్తున్నట్టున్నావు."

"పనే సేత్తున్నాను బాబూ."

"అదే, అలా కాదు. స్త్రీశక్తి కనపడాలి."

శక్తి కనపడాలంటే చేతులు పెరగాలని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. పది చేతులు! మీరూ చూసే ఉంటారు, మార్చి నెల రాగానే ఎక్కడ చూసినా ఆ బొమ్మే. మధ్యలో ఒక ఆడమనిషి నవ్వుతూ ఉంటుంది, చుట్టూ విసనకర్రలా చేతులు. ఏ చేతిలో ఏం పెట్టాలో రాసుకోవడానికి నన్ను పిలిచారు.

చర్చ చాలా లోతుగా సాగింది. గరిటె, ప్రెషర్ కుక్కరు, దీపం, వీటి మీద భిన్నాభిప్రాయం లేదు. పసిబిడ్డ ఉండాలన్నారు. పిన్ని కొడుకు సాయికుమార్‌కి గడ్డం వచ్చింది, అయినా ఉండాలన్నారు. వీణ ఉండాలన్నారు. పిన్ని వీణని ఎప్పుడైనా చూసిందంటే పార్సిల్ ఆఫీసులో చూసి ఉండాలి. కాలానికి తగ్గట్టు ఒక లాప్‌టాప్. ఒకరు సెల్‌ఫోన్ అన్నారు. కమిటీలో ట్రెజరరు మా బాబాయి వెంకటరావే, అంటే పిన్ని భర్త. ఆయన గట్టిగా అడ్డు చెప్పాడు.

"సెల్లొద్దు. బొమ్మలో పెడితే ఇంటికాడ కూడా అలవాటైపోద్ది."

సెల్‌ఫోన్ తీసేసి చీపురు పెట్టారు. నేను రాస్తూ రాస్తూ, "ఒక చేతిలో ఆకురాయి పెడదామండీ, పిన్ని పని అదే కదా" అన్నాను.

"ఆకురాయి అంటే జనానికి ఏం తెలుస్తుందమ్మాయ్?" అన్నారు కామేశం గారు. "అట్లకాడ పెట్టు. ఆకారం ఇంచుమించు ఒకటే."

అలా బూజుకర్ర కూడా వచ్చి చేరింది. ఇంకా ఒక చెయ్యి మిగిలింది. ఖాళీగా వదిలేద్దామా అని అడిగాను. గదిలో అందరూ నావైపు చూశారు. ఖాళీ చెయ్యా? ఆడమనిషికా? చూడ్డానికి ఏం బాగుంటుంది? చివరికి ఆ చేతిలో కూరగాయల సంచీ పెట్టారు.

మర్నాడు పిన్నిని తీసుకుని గోల్‌బజార్లో గిరిబాబు ఫ్లెక్సు షాపుకి వెళ్ళాను. మా వాళ్ళ కుర్రాడే. తెలుగు, బెంగాలీ, హిందీ, మూడు భాషల్లోనూ శ్రద్ధాంజలి ఫ్లెక్సులు వేయగలడు. పిన్ని కుర్చీలో కూర్చుని, కట్టు కట్టిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది.

"సెయ్యి కనపడతాదేమోరా ఫోటోలో."

"మొహం సాలు పిన్నీ. సేతులు నా కాడ ఉన్నాయి."

"ఎవులివిరా?"

"ఉన్నాయిలే. మంచి సేతులు. దసరాకి వాడినాం."

ఫోటో తీశాడు. కంప్యూటర్లో ఏవో నొక్కాడు. చూస్తూ చూస్తూ ఉండగా పిన్ని తెల్లబడింది. చామనఛాయ నుంచి గోధుమకి, గోధుమ నుంచి మైదాకి వచ్చింది.

"ఓరోరి ఆగు! నాను మా అమ్మకి పుట్టినాను గాని నీ కంపూటరికి కాదు."

"అందరికీ ఇదే కలరు పిన్నీ. ఫిక్స్ సేసేసినాను. ముక్కు పక్కన మచ్చ కూడా తీసేసినాను, సూడు."

"అది నిప్పురవ్వ పడిన మచ్చరా. ఎల్డింగు కాడ పడింది. దాన్నుంచు."

"ఇప్పుడు ఎనక్కి ఎల్తే మిగతావన్నీ పోతాయి పిన్నీ. మచ్చ కోసమని అందం పోగొట్టుకుంటామేటి?"

తర్కం బాగుంది. పిన్ని మాత్రం వచ్చేటప్పుడు ఆటోలో ముక్కు పక్కన రెండు మూడుసార్లు తడుముకుంది, ఉందా లేదా అని.

ఫ్లెక్సు ప్రూఫు కమిటీ వాట్సాప్ గ్రూపుకి వచ్చింది. ఆ గ్రూపులో ఆడవాళ్ళు లేరు. మహిళా దినోత్సవం ఏర్పాట్లలో ఆడవాళ్ళు పనులతో సతమతమవుతూ ఉంటారు కదా, మళ్ళీ వాట్సాప్ భారం కూడా ఎందుకని! బాబాయి తన ఫోన్లో బొమ్మలో పైసగం పెద్దది చేసి పిన్నికి చూపించాడు. పది చేతులూ చూసింది.

"బాగున్నాదే. ఈయమ్మ ఎవులు?" అంది.

ఆ రోజు నుంచీ పది చేతుల మహిమ నాకు తెలిసొచ్చింది. అందుకే ఈ వ్యాసం!

అదివరకు పిన్ని ఉల్లిపాయలు తరగమంటే బాబాయి సాకు వెతుక్కోవలసి వచ్చేది. ఒకసారి మోకాలు, ఒకసారి బీపీ, ఒకసారి ఇండియా బ్యాటింగు. ఇప్పుడా బాధ లేదు. ఫోన్ ఎత్తి చూపిస్తాడు. "పది సేతులున్నదానివి, నన్నడుగుతావేటే?" అంతే! ఒక మగవాణ్ణి అబద్ధాలాడే పాపం నుంచి ఒక బొమ్మ రక్షించింది. ఇంతకన్నా కళ సాధించవలసింది ఏముంది?

ఇంకో లాభం. డాక్టరు కదపవద్దన్నది ఒక్క చెయ్యి. పదిలోంచి ఒకటి తీసేస్తే తొమ్మిది. డిగ్రీ చదివినదాన్ని, ఆ మాత్రం తీసివేత నాకు వచ్చు. తొమ్మిది చేతులు పెట్టుకుని చెయ్యి నొప్పి అనడం ఏం న్యాయం?

అన్నిటికన్నా పెద్ద లాభం, దేవతని చేసేస్తే ఆమెకి ఏ బాధా ఉండదు. దేవత సెలవు అడగదు. దేవతకి ట్రేడ్ టెస్టు లేదు. దేవతకి నడుం పట్టదు. రైల్వే ఆస్పత్రిలో చీటీ కోసం లైన్లో నిలబడ్డ దేవతని మీరెప్పుడైనా చూశారా? ఆడవాళ్ళని మామూలు మనుషుల్లాగా చూపిస్తే మామూలు మనుషులకి కావలసినవన్నీ ఇవ్వాలి. దేవతకైతే ఒక శాలువా చాలు.

ఎనిమిదో తారీకు వచ్చింది.

పొద్దుటే హాలు వెనక వంటశాలలో పిన్ని పులిహోర కలుపుతోంది, ఎడం చేత్తో. పక్కన చిలకమ్మ, మా వీధిలో అందరికీ వదిన వరసయ్యే పెద్దావిడ, వేరుశనగలు వేయిస్తోంది.

"ఓలమ్మ! పది సేతులున్నాయని ఒక సెయ్యి కట్టేసి పక్కన పెట్టేసినావేటే?"

"ఏటి సెయ్యను వదినా? మిగతా సేతులు గిరిబాబు కాడే ఉండిపోనాయి."

"మీ ఆయన సేతులేవి?"

"స్టేజీ మీద కుర్సీలు సర్దుతున్నాడు. ఆయన కుర్సీ."

సభ మొదలైంది. ముఖ్య అతిథి రాలేదు. ఆయన వచ్చేలోగా కామేశం గారు తెలుగు స్త్రీ సహనం గురించి మాట్లాడారు. సహనం గురించి అంతసేపు వినడానికి ఎంత సహనం కావాలో ఆ హాల్లో ఆడవాళ్ళు నిరూపించారు. పిన్ని స్టేజీ పక్కన కొత్త చీరలో నిలబడి గోడ గడియారం చూస్తోంది. పన్నెండు దాటితే డాక్టరు ఉండడు. ఇవాళ కాకపోతే మళ్ళీ వారం. నెలాఖరున టెస్టు.

"పిన్నీ, వెళ్ళిపోదామా?" అన్నాను.

"దీపం ముట్టించకుండా ఎల్తే ఏటనుకుంటారే? కొంచెం ఆగు."

ముఖ్య అతిథి పదకొండు దాటాక వచ్చి కొబ్బరి నీళ్ళు తాగారు. అప్పుడు ఫ్లెక్సు ఆవిష్కరణ. కామేశం గారు తాడు లాగారు. చుట్ట విచ్చుకుంటూ పైనుంచి కిందికి జారింది.

ముందు మొహం వచ్చింది. చప్పట్లు. తర్వాత పది చేతులు. ఇంకా చప్పట్లు. తర్వాత కింది భాగం వచ్చింది.

చప్పట్లు ఆగిపోయాయి.

ఏం జరిగిందో చెప్పాలి. గిరిబాబు దగ్గరున్న ఆ మంచి చేతులు, దసరాకి సుభాష్‌పల్లి పూజా కమిటీ కోసం వేసిన దుర్గమ్మవి. మొత్తం బొమ్మ తీసుకుని పని మొదలుపెట్టాడు. మొహం మార్చాడు. ఆయుధాలు తీసేసి కమిటీ చెప్పిన సామాన్లు పెట్టాడు. సింహాన్ని తీసేసి రైలింజను పెట్టాడు, రైల్వే ఊరు కదా అని. మహిషాసురుణ్ణి కూడా తీసేశాడు. శుభమా అని చేసే సభలో రాక్షసుడు ఎందుకని! అయితే రాక్షసుడు పోయిన చోట ఖాళీ మిగిలింది. మా సంఘం ఫ్లెక్సు ఏదైనా సరే, కింద కమిటీ సభ్యుల ఫోటోలు వరసగా ఉండాలి, అధ్యక్షులవారిది అందరికన్నా పెద్దగా, గుండ్రటి చట్రంలో ఉండాలి. వరసలో చోటు చాలలేదు. ఇక్కడ చూస్తే గుండ్రంగా ఖాళీ ఉంది.

కాబట్టి, ఒక కాలు రైలింజను మీద పెట్టి, ఇంకో కాలు కామేశం గారి నెత్తిన పెట్టి, మా పిన్ని చిరునవ్వు నవ్వుతోంది. శూలం ఉండవలసిన చేతిలో బూజుకర్ర ఉంది. దాని కొన సరిగ్గా ఆయన గుండెల మీద ఆనింది.

ప్రూఫు చూడలేదా అంటారేమో. అందరూ చూశారు! ప్రతి ఒక్కరూ తమ తమ ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి, మీసం, కాలరు, టై సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని, బొటనవేలు గుర్తు పెట్టారు. కామేశం గారు కూడా తన ఫోటోని ఫోన్ నిండా చేసుకుని చూసి, 'చాలా బాగుంది' అని పెట్టారు. దాని పైన ఎవరి పాదం ఉందో చూడవలసిన అవసరం ఆయనకెందుకు వస్తుంది?

ముందు వరసలో మా ఎదురింటి బెంగాలీ మాసీమా కూర్చుని ఉంది. సభకి ఏటేటా వస్తుంది, పులిహోర ఇష్టం. ఆవిడ లేచి, చెప్పులు విప్పి, ఫ్లెక్సుకి భక్తిగా రెండు చేతులూ జోడించింది. దణ్ణం అయ్యాక కళ్ళజోడు సవరించుకుని కిందికి చూసింది.

"ఓమా! ఒసుర్‌టా కే?" అంది. అసురుడెవరు అని.

ఆవిడ పక్కనే కామేశం గారి భార్య లలితాంబ గారు ఉన్నారు. ఇన్నేళ్ళలో సభలో ఆవిడ గొంతు ఎవరూ విన్నది లేదు. తడుముకోకుండా, బెంగాలీలోనే జవాబు చెప్పారు.

"ఆమార్ షామీ."

మా ఆయన అని.

మొదట నవ్వింది చిలకమ్మ. తర్వాత ఎవరు నవ్వలేదో చెప్పడం తేలిక. కమిటీ నవ్వలేదు. గిరిబాబు తలుపు దగ్గర నిలబడి, "ఖాళీ కనపడితే పెట్టేసినాను మామయ్యా" అంటున్నాడు. ముఖ్య అతిథి జేబురుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని దగ్గుతున్నారు.

"దింపండి!" అని అరిచారు కామేశం గారు. "ముందు అది దింపండి!"

అప్పుడు చూశాను, పాఠకులారా! అయిదుగురు కమిటీ సభ్యులు ఒక్క ఉదుటున లేచారు. గుండిగ దింపడానికి కనపడని నిచ్చెన ఎక్కడి నుంచో వచ్చేసింది. ఒకరు పట్టుకున్నారు, ఒకరు ఎక్కారు, ఒకరు తాడు కోశారు, ఒకరు కింద అందుకున్నారు, ఒకరు చుట్ట చుట్టారు. ఎక్కినవాడు మా బాబాయే. మోకాలు నొప్పి లేదు, బీపీ లేదు. ఎంత ఒడుపు! ఎంత పొందిక! ఎవరికీ ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. పిన్ని నా పక్కన నిలబడి ఆశ్చర్యంగా చూస్తోంది.

"వీళ్ళకి సేతనవుద్దేటే!" అంది మెల్లగా.

పది చేతుల బొమ్మ అబద్ధం అనేవాళ్ళకి ఇదే నా జవాబు. పది చేతులూ ఉన్నాయి. నా కళ్ళతో చూశాను. కాకపోతే అవి మా పిన్నివి కావు. అయిదుగురు మగవాళ్ళవి. ఇన్నాళ్ళూ భద్రంగా దాచుకున్నారు. చిత్రకారుల మీద నాకే కోపమూ లేదు. చేతులు బాగానే వేస్తున్నారు. ఒంటికి అతికించడంలోనే పొరపాటు చేస్తున్నారు.

దీపం వెలిగించలేదు. పిన్ని ఎడం చెయ్యి పట్టుకుని పక్కదారిన బయటికి తీసుకొచ్చేశాను. వెనక పులిహోర ఎవరు వడ్డించారో నాకు తెలియదు. వడ్డించారనే విన్నాను. ఉప్పు ఎక్కువైందని అన్నారట. పిన్ని కలిపిన పులిహోరలో ఉప్పు ఎక్కువ కాదు. ఎవరో మళ్ళీ కలిపి ఉంటారు. మొదటిసారి కదా, అలవాటవుతుంది.

మేం వెళ్ళేసరికి డాక్టరుగారు సంచీ సర్దుకుంటున్నారు. పిన్ని పట్టుచీర, తలలో పూలు చూసి, "పెళ్ళి నుంచి వస్తున్నారా?" అన్నారు హిందీలో. ఎక్స్‌రే తీయించారు. ఎముక చీలింది. పడిన రోజు నుంచీ చెయ్యి కదపకుండా ఉంచి ఉంటే ఇంత అయ్యేది కాదన్నారు. పిండికట్టు వేశారు. టెస్టు నెలాఖరునండీ అని పిన్ని చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపారు.

ఆటోలో పిన్ని, "ఆ ముక్క ఎనభై పాళ్ళు కొలతకి ఒచ్చేసినాదే" అంది. అలవాటు కోసం అరగదీస్తున్న ముక్క గురించి.

ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఉంది. ఎవరేమడిగినా తెల్లటి కట్టు పైకెత్తి చూపిస్తుంది, అభయహస్తంలాగ. బాబాయి ఉల్లిపాయలు తరుగుతూ ఏడుస్తున్నాడు. ముక్కు చీదుతున్నాడు కూడా. సీరియల్ కోడళ్ళని చూసి నేర్చుకోవలసింది ఆయనకి ఇంకా చాలా ఉంది.

ఫ్లెక్సుని చింపేయమని కామేశం గారు ఆజ్ఞ ఇచ్చారు. కానీ గట్టి ఫ్లెక్సు. లలితాంబ గారు ఇంటికి తీసుకెళ్ళి, డాబా మీద బోర్లా పరిచి, వడియాలు పెట్టుకుంటున్నారు. సాయంత్రం వడియాలు తీశాక ఒకసారి తిరగేసి చూసుకుని అప్పుడు మడతపెడతారని చిలకమ్మ చెప్పింది. నేను చూడలేదు.

అంత పెద్ద ఫ్లెక్సులో కమిటీ అందరి పేర్లూ ఉన్నాయి, హోదాలతో సహా. ఎవరిని సన్మానిస్తున్నారో ఆమె పేరు మాత్రం లేదు. చేతులకే చోటు సరిపోయింది. కింద 'మహిళామూర్తి' అని ఉంది, అంతే. సభ ఆగిపోవడంతో మైకులో పిలవనూ లేదు. అందుకని మీకొక మనవి. ట్రేడ్ టెస్టు మళ్ళీ పెడతారు. అప్పటికి కట్టు విప్పేస్తారు. ఆ నీలం డ్రస్సు వేసుకుని, ముక్కు పక్క మచ్చతో, ఇనప ముక్క ముందు నిలబడుతుంది. వచ్చే మార్చిలో మీ ఊళ్ళో ఎక్కడైనా ఆ పది చేతుల బొమ్మ కనపడితే, దయచేసి ఒక్కసారి ఆమెని తలుచుకోండి.

పేరు నూకాలమ్మ. చేతులు రెండే.